మీ చెవికి నచ్చే హెడ్‌ఫోన్స్ ఎంచుకోవడం ఎలా?

ఒకే హెడ్‌ఫోన్స్ గురించి ఒకరు "బేస్ అదిరిపోయింది" అని రాస్తారు, ఇంకొకరు "బేస్ మోతలో గొంతే వినబడట్లేదు" అని రాస్తారు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు. వాళ్ల చెవులు వేరు, వినే పాటలు వేరు, పెట్టుకునే వాల్యూమ్ వేరు. అందుకే పాతిక రివ్యూలు చదివినా ఏది కొనాలో తేలదు, టెన్షన్ మాత్రం పెరుగుతుంది. రివ్యూలు చదవద్దని కాదు. వాటికంటే ముందు మీకు ఎలాంటి సౌండ్ ఇష్టమో మీకు తెలియాలి. అది తెలిశాక రివ్యూలో "ట్రెబుల్ కాస్త ఎక్కువ" (అంటే పై స్వరాలు ఎక్కువ) అన్న ఒక్క మాట కనబడితే చాలు, ఆ మోడల్ మీకు పనికొస్తుందో లేదో మీరే చెప్పేయగలరు.

ఆ ఇష్టాన్ని కనిపెట్టడానికి కొత్త వస్తువేదీ అక్కర్లేదు. ఇప్పుడు మీ దగ్గరున్న ఇయర్‌ఫోన్స్, ఫోన్లో ఒక ఈక్వలైజర్ (కింది, మధ్య, పై స్వరాలను విడివిడిగా పెంచే, తగ్గించే సాధనం), ఖాళీగా ఉన్న ఒక సాయంత్రం సరిపోతాయి.

1. బాగా తెలిసిన పాటలు అరడజను తీసుకోండి

"హెడ్‌ఫోన్స్ టెస్ట్ ట్రాక్స్" అని వెతికితే దొరికే పాటల జోలికి వెళ్లకండి. ఎంత గొప్పగా రికార్డు చేసినా, మీకు తెలియని పాటలో ఏది ఎలా వినబడాలో మీకు తెలియదు. వందలసార్లు విన్న పాటైతే రెండో చరణం ముందు వచ్చే చిన్న వయొలిన్ బిట్ కూడా గుర్తుంటుంది. అది ఈసారి వినబడకపోయినా, మరీ ముందుకొచ్చినా వెంటనే పట్టేస్తారు.

ఎంచుకునేటప్పుడు రకరకాలవి ఉండేలా చూసుకోండి. వాద్యాలు తక్కువగా ఉండి గొంతు స్పష్టంగా ఉన్న పాట ఒకటి. మృదంగం ఎడమవైపు గుమికి గానీ, బేస్ గిటార్ గానీ, సింథ్ బేస్ గానీ బాగా వినిపించేది ఒకటి. ఒకేసారి చాలా వాద్యాలు మోగేది ఒకటి. తాళాలు, సింబల్స్, వేణువు లాంటి పై స్వరాలు ఎక్కువున్నది ఒకటి. ఇవి కాక మీరు రోజూ నిజంగా వినేవి. రోజులో ఎక్కువసేపు పాడ్‌కాస్టులో, పాఠాలో వింటారనుకోండి, మామూలు మాటల రికార్డింగ్ కూడా ఆ జాబితాలో ఉండి తీరాలి. మాట స్పష్టంగా వినిపించే హెడ్‌ఫోన్స్ అన్నీ సంగీతానికి బాగుండవు, సంగీతానికి బాగున్నవన్నీ మాటకి హాయిగా ఉండవు.

పరీక్ష మొదలుపెట్టే ముందు ఫోన్లోనూ మ్యూజిక్ యాప్‌లోనూ ఉన్న బేస్ బూస్ట్, సరౌండ్ లాంటి ఎఫెక్ట్స్ అన్నీ ఆపేయండి.

2. ఈక్వలైజర్‌తో మీ ఇష్టాన్ని కనిపెట్టండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. చాలామంది దీన్ని దాటేసి నేరుగా మోడల్స్ పోల్చడం మొదలుపెడతారు. దీనికి తీరిగ్గా కూర్చోండి.

చాలా ఫోన్ల సెట్టింగ్స్‌లో, కొన్ని మ్యూజిక్ యాప్‌లలో ఈక్వలైజర్ ఉంటుంది. అది లేకపోతే ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్, విండోస్ కంప్యూటర్లో ఈక్వలైజర్ ఏపీఓ లాంటివి వేసుకోవచ్చు. 10 స్లైడర్లున్నది దొరికితే మంచిది. మనిషి చెవి వినగలిగే పరిధి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ (అంకె పెరిగేకొద్దీ స్వరం పైది). వయసు పెరిగేకొద్దీ ఆ పై అంచు తగ్గుతూ వస్తుంది. ఈ పరిధిలో ఏ ముక్క ఏం చేస్తుందో తెలుసుకోవడమే ఇప్పుడు మన పని.

స్లైడర్లన్నీ సున్నా దగ్గర పెట్టి, ఒక పాటలో అర నిమిషం ముక్కని మళ్లీ మళ్లీ వినండి. ఒక్కో స్లైడర్‌ని 6 డెసిబెల్స్ పైకి జరిపి ఒకసారి, కిందికి జరిపి ఒకసారి వినండి. ఒక దాని పని అయ్యాక దాన్ని సున్నాకి తెచ్చి తర్వాతి దానికి వెళ్లండి.

60 హెర్ట్జ్ కిందిది చెవికంటే ఒంటికి ఎక్కువ తెలుస్తుంది. సినిమాల్లో ఉరుము, పేలుడు, సింథ్ బేస్‌లో అడుగున ఉండే అదురు ఇక్కడివే. 60 నుంచి 200 దాకా డ్రమ్ దెబ్బలోని బరువు, బేస్ గిటార్, గుమికి ఉంటాయి. 200 నుంచి 500 మధ్యలో గొంతుకీ వాద్యాలకీ నిండుదనం వస్తుంది. ఇది ఎక్కువైతే పాట అంతా డబ్బాలోంచి వస్తున్నట్టు ఉంటుంది, మరీ తగ్గితే గొంతు పలచబడిపోతుంది. 1,000 నుంచి 3,000 దాకా ఉన్న భాగం గాయకుణ్ణి ముందుకి తెస్తుంది, వెనక్కి పంపుతుంది. ఇది తగ్గించి చూడండి, పాడే మనిషి నాలుగడుగులు వెనక్కి వెళ్లినట్టు అనిపిస్తుంది. 3,000 నుంచి 5,000 మధ్య స్పష్టత ఉంటుంది, దాంతోపాటే కర్కశత్వం కూడా. 6,000 నుంచి 9,000 మధ్యలో సింబల్స్ మెరుపు, గొంతులో "స", "ష", "చ" పలికినప్పుడు వచ్చే గాలి శబ్దం ఉంటాయి. కొందరికి ఇక్కడ కొంచెం పెరిగినా "స" అక్షరం చెవిలో గుచ్చుకుంటుంది, ఇంకొందరికి అదేమీ ఇబ్బందే కాదు. 10,000 పైన ఉన్నది పాట చుట్టూ ఖాళీ జాగా ఉన్న భావన ఇస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఏ స్లైడర్ పెంచినా మొత్తం శబ్దం పెరుగుతుంది, కొంచెం ఎక్కువ శబ్దంతో వచ్చేది మన చెవికి మెరుగైనదిగా తోస్తుంది. నాణ్యత మారకపోయినా సరే. అందుకే ఒక స్లైడర్‌ని 6 డెసిబెల్స్ పెంచినప్పుడు ప్రీయాంప్ (మొత్తం శబ్దాన్ని సర్దే) స్లైడర్‌ని 6 తగ్గించండి. దానివల్ల శబ్దం చిట్లకుండా ఉంటుంది. ఆపైన గొంతు రెండిట్లోనూ ఒకే గట్టితనంతో వినబడేలా వాల్యూమ్ సర్దుకుని, అప్పుడు పోల్చండి.

ఇంకొకటి, మీరు రోజూ వినే వాల్యూమ్‌లోనే ఈ పరీక్ష చేయాలి. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో ఫ్లెచర్, మన్సన్ 1933లో ప్రచురించిన పరిశోధన దగ్గర్నుంచి తెలిసిన విషయమే ఇది: శబ్దం తగ్గేకొద్దీ మన చెవి మంద్ర స్వరాలను మిగతావాటికంటే తక్కువగా పట్టుకుంటుంది. రాత్రిపూట నెమ్మదిగా వినే మనిషికి బేస్ కాస్త ఎక్కువున్న హెడ్‌ఫోన్సే సమతూకంగా ఉంటాయి. అవే గట్టిగా వినేవాళ్లకి దద్దరిల్లిపోతున్నట్టు ఉంటాయి.

అన్నీ విన్నాక నచ్చినవి కలిపి ఒక సెట్టింగ్ చేసుకుని దాచుకోండి. మర్నాడు చెవులు తేటగా ఉన్నప్పుడు అదే సెట్టింగ్‌తో మళ్లీ వినండి. నిన్న రాత్రి ఉత్సాహంలో పెంచిన ట్రెబుల్ ఇవాళ చిరాకు పెడితే తగ్గించండి. ఇలా రెండుమూడు రోజులు సర్దాక మిగిలిందే మీ అసలు ఇష్టం. చవక ఇయర్‌ఫోన్స్‌తో చేసినా పరవాలేదు. అంకెలు కచ్చితంగా రాకపోయినా దిక్కు తెలుస్తుంది: బేస్ ఎంత కావాలి, గొంతు ముందుండాలా వెనకుండాలా, పై స్వరాలు మెరవాలా మెత్తగా ఉండాలా.

3. ఆ ఇష్టానికి రివ్యూల భాషలో పేరు పెట్టండి

రివ్యూలు రాసేవాళ్లు వాడే మాటలు నాలుగైదే. బేస్, ట్రెబుల్ రెండూ పెంచి మధ్య భాగం తగ్గించినవాళ్లు "వి షేప్" సౌండ్ కోరుకుంటున్నారు. హుషారైన పాటలకి అది బాగుంటుంది, గొంతు మాత్రం వెనక్కి వెళ్తుంది. కింది స్వరాలు నిండుగా, పైవి మెత్తగా పెట్టుకున్నవాళ్లు "వార్మ్" అన్న మాట కోసం చూడాలి. గంటల తరబడి వినేవాళ్లకి ఇది అలసట తెప్పించదు. పై స్వరాలు పెంచుకున్నవాళ్లది "బ్రైట్". మధ్య భాగం పెంచుకున్నవాళ్లు "మిడ్ ఫార్వర్డ్" వెతకాలి. పాట అంటే గొంతే అనుకునేవాళ్లకి సరిపోయేది అదే. స్లైడర్లు పెద్దగా కదపని వాళ్లకి "న్యూట్రల్" లేదా "బ్యాలెన్స్‌డ్".

"హర్మన్ టార్గెట్" అన్న మాట కూడా తరచుగా కనబడుతుంది. ఆడియో పరికరాలు తయారుచేసే హర్మన్ సంస్థలో షాన్ ఒలివ్, ఆయన సహచరులు చాలామంది శ్రోతలకు రకరకాల సౌండ్లు వినిపించి, ఎక్కువమందికి నచ్చే ట్యూనింగ్‌ని (ఏ స్వరం ఎంత ఉండాలన్న అమరికని) గ్రాఫ్‌గా గీశారు. 2019లో వాళ్లు చెప్పిన లెక్క ప్రకారం శ్రోతల్లో సుమారు 64 శాతం మందికి ఆ టార్గెట్ ఉన్నదున్నట్టుగా నచ్చింది, 15 శాతం మంది ఇంకా బేస్ కావాలన్నారు, 21 శాతం మంది బేస్ తగ్గాలన్నారు. అంటే నిపుణులు శాస్త్రీయంగా తేల్చిన సౌండ్ కూడా ముగ్గురిలో ఒకరికి కొంచెం తేడాగానే ఉంటుంది. అందువల్ల ఈ టార్గెట్‌ని ఒక గీటురాయిలా వాడుకోండి. "హర్మన్ కంటే బేస్ ఎక్కువ" అని ఎవరైనా రాస్తే అది మీకు మంచి వార్తో చెడు వార్తో రెండో మెట్టులోనే తెలిసిపోయింది కదా.

4. ఎక్కడ వింటారో చూసి ఆకారం నిర్ణయించండి

కప్పుల వెనక భాగం జల్లెడలా తెరిచి ఉండేవి ఓపెన్ బ్యాక్. వీటిలో శబ్దం తల బయట, చుట్టూ పరుచుకున్నట్టు ఉంటుంది, చెవులకి ఉక్క తక్కువ. అయితే బయటి శబ్దమంతా లోపలికొస్తుంది, మీ పాట పక్కవాళ్లకి వినబడుతుంది. పైగా ఈ రకంలో చాలావాటికి అట్టడుగు బేస్ తక్కువ. ప్రశాంతమైన గదిలో ఒంటరిగా, బేస్ మీద పెద్దగా మోజు లేకుండా వినేవాళ్లకి వీటిని మించినవి లేవని నా గట్టి నమ్మకం. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 అనే ఓపెన్ బ్యాక్ 1997 నుంచి ఇప్పటికీ అమ్ముడవుతోందంటే, గొంతు, వాద్యాలు సహజంగా వినబడాలనుకునేవాళ్లు దాన్ని వదలకపోవడమే కారణం.

వెనక భాగం మూసి ఉండే క్లోజ్డ్ బ్యాక్‌లో శబ్దం లోపలే ఉంటుంది, బేస్‌కి బలం వస్తుంది. చెవి రంధ్రంలో బిగుతుగా కూర్చునే ఇన్ ఇయర్ రకం కూడా అట్టడుగు బేస్‌ని బాగా ఇస్తుంది. ఈ రెండిట్లోనూ ఆ బేస్ అంతా సీల్ మీద, అంటే చెవికి సందు లేకుండా అతుక్కోవడం మీద, ఆధారపడి ఉంటుంది. కళ్లజోడు కాడ ప్యాడ్‌ని కొంచెం పైకెత్తినా, ఇయర్‌టిప్ ఒక సైజు చిన్నదైనా బేస్ ఆ సందులోంచి జారిపోతుంది. "ఇందులో బేస్ లేదు" అని తిరిగి పంపేసిన ఇన్ ఇయర్స్‌లో కొన్నిటికైనా పెద్ద టిప్ వేస్తే సరిపోయేది.

రోజూ బస్సులోనో రైల్లోనో వినేవాళ్లు నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్నవి చూడాలి. ఇంజిన్ హోరు, ఫ్యాను మోత లాంటి ఆగకుండా వచ్చే కింది శబ్దాల్ని అది బాగా తగ్గిస్తుంది. మనుషుల మాటల్ని, కుక్కర్ విజిల్‌లాంటి హఠాత్తు శబ్దాల్ని అంతగా ఆపలేదు. దాన్ని ఆన్ చేస్తే కొన్ని మోడల్స్‌లో సౌండ్ కూడా మారుతుంది, కాబట్టి మీరు ఏ స్థితిలో ఎక్కువసేపు వాడతారో ఆ స్థితిలోనే విని చూడండి.

5. పెట్టె మీద రాతల్ని వదిలి గ్రాఫ్ చూడండి

"20–20,000 హెర్ట్జ్" అని పెట్టె మీద రాసి ఉంటే దానివల్ల మీకు తెలిసేది దాదాపు ఏమీ లేదు. ఆ పరిధిలో ఏది ఎంత ఎక్కువ, ఏది ఎంత తక్కువ అన్నది అందులో ఉండదు. "40 మిల్లీమీటర్ల డ్రైవర్" (శబ్దం పుట్టించే లోపలి చిన్న స్పీకర్) కూడా అంతే. డ్రైవర్ పెద్దదైతే సౌండ్ మంచిదని లెక్క లేదు.

పనికొచ్చే అంకెలు రెండు, అవి కూడా వైరు హెడ్‌ఫోన్స్‌కే: ఓమ్స్‌లో చెప్పే ఇంపీడెన్స్ (విద్యుత్తుకి హెడ్‌ఫోన్స్ చూపే నిరోధం), డెసిబెల్స్‌లో చెప్పే సెన్సిటివిటీ (ఇచ్చిన విద్యుత్తుకి ఎంత గట్టిగా మోగుతాయన్నది). ఇంపీడెన్స్ 16 నుంచి 50 ఓమ్స్ దాకా ఉండి సెన్సిటివిటీ మరీ తక్కువ కాకపోతే మామూలు ఫోన్ సరిపోతుంది. హెచ్‌డీ 600 లాంటి 300 ఓమ్స్ వాటికి విడిగా యాంప్ (సిగ్నల్ బలం పెంచే పరికరం) ఉంటేనే నిండుగా పలుకుతాయి. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో మోడల్ ఒకటే అయినా 32, 80, 250 ఓమ్స్ రకాలుగా దొరుకుతుంది. ఇలాంటివి ఆర్డర్ చేసేటప్పుడు ఏ రకమో చూసుకోండి.

వైర్‌లెస్ అయితే ఆ లెక్కలు అక్కర్లేదు, యాంప్ లోపలే ఉంటుంది. ఎల్‌డీఏసీ, ఆప్ట్‌ఎక్స్, ఏఏసీ అని కోడెక్‌ల (బ్లూటూత్‌లో పాటని కుదించి పంపే పద్ధతుల) గురించి చాలా చర్చ జరుగుతుంది. మీ ఫోన్, హెడ్‌ఫోన్స్ రెండూ ఒకే మంచి కోడెక్‌ని సపోర్ట్ చేస్తే మంచిదే. కానీ ట్యూనింగ్ నచ్చనప్పుడు కోడెక్ మార్చి ప్రయోజనం లేదు. అంతకంటే, కంపెనీ యాప్‌లో స్లైడర్లున్న ఈక్వలైజర్ ఇస్తున్నారో లేదో చూడండి. అది ఉంటే చాలా మోడల్స్‌లో మీ సెట్టింగ్ హెడ్‌ఫోన్స్ లోపలే ఉండిపోతుంది.

ఇక గ్రాఫ్. హెడ్‌ఫోన్స్ ఏ స్వరాన్ని ఎంత గట్టిగా ఇస్తాయో కొలిచి రివ్యూ సైట్లు పెట్టే గీత ఇది. అడ్డంగా హెర్ట్జ్, నిలువుగా డెసిబెల్స్. 3,000 హెర్ట్జ్ దగ్గర గుట్టలా లేచి ఉంటే కంగారు పడకండి. మన చెవి గొట్టం సహజంగానే అక్కడి శబ్దాన్ని పెంచుతుంది, హెడ్‌ఫోన్స్ కూడా దానికి తగ్గట్టే ఉండాలి. గీత తిన్నగా ఉంటే గొప్ప అనుకోవడం పొరపాటు. గ్రాఫ్‌ని చదవడానికి తేలికైన దారి ఒకటుంది. మీరు ఇప్పుడు వాడుతున్న మోడల్ గ్రాఫ్‌ని, కొనాలనుకున్న దాని గ్రాఫ్‌ని ఒకే సైట్లో, ఒకే పరికరంతో కొలిచినవి ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అన్నది మీరు దాచుకున్న ఈక్వలైజర్ సెట్టింగ్‌తో పోలిస్తే కథ సగం తేలిపోతుంది. రెండూ ఒకే దిక్కులో వెళ్తుంటే అది మీ హెడ్‌ఫోన్స్. వేర్వేరు పరికరాలతో కొలిచిన గ్రాఫ్‌లని మాత్రం పోల్చకండి. 8,000 హెర్ట్జ్ దాటాక గీతని మరీ నమ్మకండి, అక్కడ చెవి ఆకారాన్ని బట్టి, పెట్టుకున్న తీరుని బట్టి చాలా మారుతుంది.

6. పెట్టుకుని వినండి

ఈపాటికి మీ జాబితాలో రెండో మూడో మిగిలి ఉంటాయి. వీలైతే వాటిని విని చూడండి. మీ ఫోన్, మీ పాటలు తీసుకెళ్లండి. షాపులో వినిపించే డెమో పాట ఆ మోడల్ బలాలు చూపించడానికి ఎంచినదే అయి ఉంటుంది.

షాపులో సందడి ఉంటుందని గుర్తుంచుకోండి. చుట్టూ ఉన్న గోల కింది స్వరాలను ముందు మింగేస్తుంది. అందుకని అక్కడ బేస్ ఎక్కువున్నవే బాగున్నట్టు అనిపిస్తాయి, ఇంటికొచ్చాక అవే బరువనిపిస్తాయి. పై స్వరాలు మెరిసేవి కూడా మొదటి రెండు నిమిషాల్లో "ఎంత క్లియర్‌గా ఉందో" అనిపించి, అరగంటకి తలనొప్పి తెప్పిస్తాయి. కాబట్టి మొదట వాల్యూమ్ సమానం చేసుకుని అదే ముక్కని మార్చిమార్చి వినండి, తర్వాత ఒక్కో దాన్ని కనీసం పావుగంట తీయకుండా వినండి.

ఆ పావుగంటలో సౌకర్యం కూడా తేలిపోతుంది. కళ్లజోడు వాడేవాళ్లు దాంతోనే పెట్టుకోండి. చెవి పైభాగం ప్యాడ్ లోపల పూర్తిగా పడుతోందా, నడినెత్తిన ఒత్తిడి ఉందా చూడండి. 250 గ్రాములకీ 380 గ్రాములకీ చేతిలో తేడా తెలియకపోవచ్చు, సినిమా చూస్తున్నప్పుడు మెడకి తెలుస్తుంది. ఇన్ ఇయర్ అయితే దవడ ఆడించండి, నాలుగడుగులు నడవండి. జారిపోతే టిప్ మార్చండి. నిజం చెప్పాలంటే, సౌండ్ నూటికి నూరుపాళ్లు నచ్చి గంట తర్వాత నొప్పి పెట్టే దానికంటే సౌండ్ కొంచెం తక్కువ నచ్చి హాయిగా ఉండేదే ఎంచుకోమంటాను. సౌండ్‌ని ఈక్వలైజర్‌తో సర్దుకోవచ్చు, ఆకారాన్ని సర్దలేం.

విని చూసే వీలు లేకపోతే, తిరిగి ఇచ్చే సదుపాయం ఉన్న చోటే కొనండి. ఇన్ ఇయర్స్‌ని సీల్ విప్పాక వెనక్కి తీసుకోని చోట్లు ఉంటాయి, ఆ షరతు ముందే చదవండి.

7. మొదటి వారం

కొత్త హెడ్‌ఫోన్స్ మొదటి రోజు వింతగా ఉండటం మామూలే. ఇన్నాళ్లూ పాతవాటి సౌండే చెవికి అలవాటైపోయింది. "బర్న్ ఇన్" పేరుతో వందల గంటలు మోగించాలని చెబుతుంటారు గానీ, అలా వాడేకొద్దీ బాగుపడినట్టు అనిపించడంలో ఎక్కువ భాగం మన చెవి అలవాటు పడటమే. మూడునాలుగు రోజులు పాతవాటిని పక్కన పెట్టేసి కొత్తవి మాత్రమే వినండి. తర్వాత కూడా ఫలానా చోట ఇబ్బందిగా ఉందంటే అప్పుడు ఈక్వలైజర్ తీయండి. పెంచడం కంటే ఎక్కువైన దాన్ని తగ్గించడం మంచిది. 2 నుంచి 4 డెసిబెల్స్ సర్దుబాటుతో కుదిరితే ఉంచుకోండి. 8, 10 డెసిబెల్స్ కదిపితే గానీ నచ్చట్లేదంటే అది మీకు తగినది కాదు, గడువు లోపల వెనక్కి ఇచ్చేయండి.

ఈ వారంలోనే మీ వాల్యూమ్ ఎంత ఉంటోందో కూడా గమనించండి. పెద్దవాళ్లకి వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ లోపు ఉంచుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలకైతే అది 75 డెసిబెల్స్. కొన్ని ఫోన్లలో హెడ్‌ఫోన్ శబ్దం ఎంతుందో చూపించే సెట్టింగ్ ఉంటుంది, ఉంటే ఒకసారి తెరిచి చూడండి. బయటి మోతని మించి వినడానికి వాల్యూమ్ పెంచుతున్నారని తేలితే, నాలుగో మెట్టుకి వెళ్లి క్లోజ్డ్ బ్యాక్ గానీ నాయిస్ క్యాన్సిలింగ్ గానీ ఎంచుకోండి.

చివరిగా ఒక్క సంగతి, ఇది కొనకముందే చూడాల్సింది. ప్యాడ్లు అరిగి అణిగిపోయేకొద్దీ సీల్ పోయి, చెవికీ డ్రైవర్‌కీ మధ్య దూరం మారి సౌండ్ కూడా మారిపోతుంది. మీరు ఇంత కష్టపడి ఎంచుకున్న ట్యూనింగ్ అలాగే ఉండాలంటే అదే కంపెనీ ప్యాడ్లు విడిగా దొరకాలి. వేరే కంపెనీవి వేస్తే బేస్, ట్రెబుల్ రెండూ అటూఇటూ అవుతాయి. మీ మోడల్‌కి ప్యాడ్లు, ఇన్ ఇయర్ అయితే టిప్స్, విడిగా అమ్ముతున్నారో లేదో చూసుకున్నాకే ఆర్డర్ పెట్టండి.